నీళ్ల గ్రాఫైట్‌కి మారాక డైలో పీసు అతుక్కుంటోంది, డై లైఫ్ పడిపోయింది

జీడిమెట్ల ప్రెస్‌షాప్
అందరికీ నమస్కారం. మాది చిన్న ఫోర్జింగ్ యూనిట్, అంటే కాల్చిన ఉక్కుని డైలో (ఉక్కు అచ్చులో) నొక్కి పీసులు చేస్తాం. 1000 టన్నుల ప్రెస్సు, ఒక ఇండక్షన్ హీటర్, పక్కన ఒక పాత హ్యామర్ (బరువుతో పైనుంచి కొట్టే మెషీన్). పీసు డైకి అతుక్కోకుండా ఇన్నేళ్లూ ఆయిల్‌లో కలిపిన గ్రాఫైటే వాడాం. మధ్యాహ్నం షిఫ్టులో ప్రెస్సుకి అవతల నిలబడ్డ మనిషి కనిపించనంత పొగ ఉండేది. మొన్న వేసవిలో డై హోల్డర్ కింద పేరుకున్న ఆయిల్ అంటుకుని మా హెల్పర్ కుర్రాడి చెయ్యి కాలింది. ఆ రోజే ఇక ఆయిల్ వద్దని నిర్ణయించుకున్నాం.

ఇప్పుడు రెండు నెలలుగా నీళ్ల గ్రాఫైట్. పొగ పోయింది, కానీ కొత్త టెన్షన్ మొదలైంది. పీసు కింది డైలో, హబ్ (పీసు మధ్య బొడిపె వచ్చే గుంట) లోతు 40 మిల్లీమీటర్లు ఉన్నచోట అతుక్కుంటోంది. నాకౌట్ పిన్ (పీసుని డైలోంచి బయటికి తోసే కడ్డీ) తోసినా రాదు, పటకారుతో పీకాల్సి వస్తోంది. ముందు ఒక డై మీద 5,500 పీసులు వచ్చేవి, ఇప్పుడు 3,200 దగ్గరే హబ్ మూల అరిగిపోతోంది. డై స్టీల్ హెచ్13 (వేడి తట్టుకునే డై ఉక్కు రకం), హార్డ్‌నెస్ రాక్‌వెల్ సి కొలతలో 46. బిల్లెట్ (కాల్చి నొక్కే ఉక్కు ముక్క) 1200 డిగ్రీలు. సప్లయర్ ఒకటికి పది నీళ్లు కలపమన్నాడు, అలాగే కలుపుతున్నాం. అడిగితే మీ డై డిజైనే తప్పంటున్నాడు. ఆయిల్‌తో ఇదే డై బాగానే నడిచింది కదా? మళ్లీ ఆయిల్‌కి వెళ్లడం నాకు ఇష్టం లేదు. దయచేసి దారి చెప్పండి.

చాకణ్ తెలుగోడు
అన్నా, ముందు ఒక్క ప్రశ్న. స్ప్రే కొట్టే క్షణంలో డై వేడి ఎంత? మీ పోస్టులో అన్ని నంబర్లూ ఉన్నాయి, అదొక్కటే లేదు.

ఆయిల్ ఏ వేడి మీదైనా ఎంతో కొంత పట్టుకుంటుంది. నీళ్లు అలా కాదు. డై చల్లగా, 100 లోపు ఉంటే నీళ్లు ఆరవు, తడిగా కారిపోతూ గ్రాఫైట్‌ని కూడా తీసుకుపోతాయి. మరీ వేడెక్కితే పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుక్క గెంతుతుంది. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి, అది డైని తాకకుండానే జారిపోతుంది. మేము 150 నుంచి 250 మధ్య ఉంచుతాం. 300 దాటితే మా లైన్లో ప్రెస్సు ఆపేస్తాం.

ఒక పని చేయండి. రేపు షిఫ్టులో డైకి దగ్గరగా వెళ్లి స్ప్రే పడ్డాక ఒకటి రెండు క్షణాలు ఏం జరుగుతుందో చూడండి. సరిగ్గా పడితే తడి మెరుపు చప్పున ఆరిపోయి, పలకకి బొగ్గు రుద్దినట్టు నల్లగా మెరుపులేని పొర మిగులుతుంది. డై ఇంకా ఉక్కులాగే మెరుస్తుంటే అక్కడ గ్రాఫైట్ లేదన్నమాటే. మీ హబ్ మూల ఎలా కనిపిస్తుందో చెప్పండి.

డైరూమ్
చాకణ్ అన్న చెప్పింది సరైన ప్రశ్న. ఒక హెచ్చరిక జోడిస్తాను. లేజర్ గన్‌తో వేడి చూస్తే మెరిసే ఉక్కు మీద అది తక్కువ చూపిస్తుంది. అదే గన్ గ్రాఫైట్ పట్టిన నల్లని చోట దాదాపు నిజం చెబుతుంది. కాబట్టి మెరిసే హబ్ మూలలో 250 చూపించిందని సంతోషపడకండి, అసలు వేడి చాలా ఎక్కువ ఉండొచ్చు. నమ్మాలంటే ముట్టించి చూసే థర్మోకపుల్ ప్రోబ్ కొనండి.

అరిగిన డై ఫోటో పెట్టగలరా? అరుగుదల వేరు, జుట్టు మందాన వలలా వచ్చే పగుళ్లు వేరు. వల పగుళ్లుంటే నీళ్లు ఎక్కువ కొడుతున్నారని అర్థం.

జీడిమెట్ల ప్రెస్‌షాప్
ఇవాళ పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డాను. ప్రోబ్ పక్క షెడ్డు వాళ్ల దగ్గర అడిగి తెచ్చాను. మేము డైని వేడి చేసే పద్ధతి ఏంటంటే, షిఫ్టు మొదట్లో కాలిన బిల్లెట్లు రెండు డై మీద పెట్టి పావుగంట వదిలేస్తాం. అలా చేశాక పైముఖం 110, హబ్ అడుగున 70 మాత్రమే. మొదటి 40 పీసుల దాకా హబ్‌లో నల్ల నీళ్లు నిలబడే ఉన్నాయి. వాటిలో 6 పీసులు హబ్ నిండక రిజెక్ట్ అయ్యాయి.

పదకొండింటికి మళ్లీ చూశాను. పైముఖం 240. హబ్ మూల 385. నంబరు చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు, మూడుసార్లు పెట్టి చూశాను. స్ప్రే పడగానే చుక్కలు ముత్యాల్లా దొర్లి ఎగిరిపోతున్నాయి. మూల తెల్లగా మెరుస్తోంది. మిగతా డై అంతా నల్లగానే ఉంది. డైరూమ్ గారూ, పగుళ్లు పైముఖం మీద ఉన్నాయి, హబ్‌లో లేవు. అక్కడ ఉత్త అరుగుదలే.

చాకణ్ తెలుగోడు
ఇంకేముంది, జబ్బు దొరికింది. పైముఖం మీద నీళ్లు ఎక్కువవుతున్నాయి, హబ్‌కి గ్రాఫైటే అందడం లేదు.

ఇంకోటి గమనించండి. పీసు అతుక్కున్నప్పుడు పటకారుతో పీకేదాకా అది డైలోనే ఉంటుంది కదా. మామూలుగా ఒకటి రెండు సెకన్లలో బయటికి రావాల్సిన 1100 డిగ్రీల ఉక్కు ఎనిమిది పది సెకన్లు హబ్‌లో కూర్చుంటుంది. దాంతో హబ్ ఇంకా వేడెక్కుతుంది, తర్వాతి స్ప్రే ఇంకా గెంతుతుంది, తర్వాతి పీసు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఒక పీసు అతుక్కుంటే వెంటనే ఇంకోటి కొట్టకుండా, చల్లారనిచ్చి, నల్ల పొర వచ్చిందని చూశాకే కొట్టమని ఆపరేటర్‌కి చెప్పండి.

రసాయనం
నేను ల్యాబ్ మనిషిని, ఫౌండ్రీలకీ ఫోర్జింగ్ షాపులకీ రసాయన పరీక్షలు చేస్తుంటాను. వేడి సంగతి వాళ్లు చెప్పారు. నేను నీళ్ల సంగతి అడుగుతాను. కలపడానికి ఏ నీళ్లు వాడుతున్నారు? ట్యాంకులో తిప్పే ఫ్యాన్ ఉందా?

జీడిమెట్ల ప్రెస్‌షాప్
బోరు నీళ్లే మేడమ్. డ్రమ్ములో కలిపి హెల్పర్ పొద్దున ఒకసారి కర్రతో తిప్పుతాడు. అక్కడి నుంచి గన్‌కి గొట్టం.

రసాయనం
అయితే మీ సమస్యలో సగం డ్రమ్ములోనే ఉంది.

గ్రాఫైట్ నీళ్లలో కరగదు. నీళ్ల కంటే రెండింతలకు పైగా బరువు. పొడిని ఊరికే నీళ్లలో వేస్తే అడుగుకి చేరుతుంది. అది తేలుతూ ఉండాలంటే రేణువులు చాలా సన్నగా ఉండాలి, ఒకదాన్నొకటి తోసుకునేలా వాటి మీద రసాయనం పట్టి ఉండాలి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆ తోసుకునే గుణాన్ని చంపేస్తాయి. రేణువులు ముద్దలు కట్టి కిందికి దిగిపోతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్లు ఎంత గట్టివో గీజర్ రాడ్డు మీద పట్టిన తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది కదా.

మీ అంతట మీరే చూసుకోవచ్చు. రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో ఆర్‌ఓ నీళ్లు, రెండిట్లోనూ ఒకే కొలత గ్రాఫైట్ పేస్టు కలిపి, బాగా ఊపి కిటికీలో పెట్టండి. రెండు గంటల తర్వాత చూడండి.

రెండో పరీక్ష. డ్రమ్ములో పైనుంచి 100 గ్రాములు, అడుగు నుంచి 100 గ్రాములు తీసి, రెండు గిన్నెల్లో వేసి 105 డిగ్రీల ఓవెన్లో పూర్తిగా ఆరబెట్టి మిగిలింది తూచండి. మీ పేస్టులో ఘనపదార్థం ఎంత శాతం అని డబ్బా మీద ఉంటుంది. 25 శాతం అనుకుంటే, ఒకటికి పది కలిపితే 25ని 11తో భాగించాలి, అంటే సుమారు 2.3 గ్రాములు మిగలాలి. పైనా కిందా ఒకటే రావాలి. కొందరు రిఫ్రాక్టోమీటర్ (ద్రవంలోంచి వెలుగు ఎంత వంగిందో చూసి చిక్కదనం చెప్పే పరికరం) పెట్టి చూస్తారు, నల్లని ద్రవంలోంచి వెలుగు వెళ్లదు కాబట్టి దాని గీత నమ్మొద్దు.

సెలవు తర్వాత సోమవారం డ్రమ్ము మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన వస్తోందా? వస్తే లోపల బాక్టీరియా పెరిగింది. అంటించే జిగురును అది తినేస్తుంది, ఆ గ్రాఫైట్ డైకి పట్టదు. డ్రమ్ము ఖాళీ చేసి కడగడం తప్ప మార్గం లేదు.

హ్యామర్‌షాప్ 1984
మంచి చర్చ. నేను 1984లో హ్యామర్ మీద హెల్పర్‌గా చేరినవాణ్ని, ఈ మధ్యనే రిటైర్ అయ్యాను. మా రోజుల్లో డైలోకి రంపపు పొట్టు చల్లేవాళ్లం, ఆయిల్లో ముంచిన గోనె గుడ్డ చుట్టిన కర్రతో తుడిచేవాళ్లం. ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పలేదు. తర్వాత తెలిసింది. ఎర్రని ఉక్కు కింద పొట్టు, ఆయిల్ కాలి వచ్చే గ్యాసు పీసుని పైకి తోస్తుంది. హ్యామర్‌కి నాకౌట్ పిన్ ఉండదు కదా, ఆ గ్యాసే మాకు నాకౌట్.

బాబూ, అందుకే ఒక మాట. ప్రెస్సు మీద నీళ్ల గ్రాఫైట్ కుదురుతుంది. అదే డ్రమ్ము తీసుకెళ్లి హ్యామర్‌కి కూడా పెడితే లోతైన డైలలో పీసు రాదు. నీళ్లలో గ్యాసు పుట్టించే గుణం తక్కువ. హ్యామర్‌కి వేరే రకం అడగండి, లేదా పీసు తేలిగ్గా వచ్చేలా డై గోడల వాలు కొంచెం పెంచండి. హ్యామర్ మీద 7 డిగ్రీల వాలు మామూలే.

అసలు నీళ్లలో గ్రాఫైట్ తేల్చడం కొత్త సంగతి కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ గుడ్రిచ్ ఆచెసన్ అనే ఆయన కార్బొరండమ్ (సిలికాన్, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) తయారుచేస్తూ, కొలిమి మరీ వేడెక్కితే సిలికాన్ ఆవిరై గ్రాఫైట్ మిగలడం చూశాడు. 1896లో దానికి పేటెంటు వచ్చింది. తర్వాత పదేళ్లకి టానిన్ కలిపి ఆ గ్రాఫైట్‌ని నీళ్లలో అడుగుకి దిగకుండా నిలబెట్టాడు. ఈజిప్టులో ఇటుకల మట్టికి గడ్డి కలిపేవాళ్లన్న బైబిల్ కథ నుంచి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందట. ఆక్వాడాగ్ అని పేరు పెట్టాడు. బల్బు ఫిలమెంటుకి టంగ్‌స్టన్ తీగ లాగడానికి, పాత టీవీ పిక్చర్ ట్యూబు లోపల పూతకి కూడా అదే వాడారు. మీ డ్రమ్ములో ఉన్నది ఆ వంశమే.

జీడిమెట్ల ప్రెస్‌షాప్
బాబాయ్ గారూ, హ్యామర్ సంగతి చెప్పి మంచి పని చేశారు. వచ్చే నెల దానికీ పెట్టేద్దామనే అనుకున్నాం. ఆపేస్తున్నాను.

కోయంబత్తూరు కాస్టింగ్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది అల్యూమినియం గ్రావిటీ డై కాస్టింగ్, అంటే కరిగిన లోహాన్ని డైలో పోస్తాం. ఇదే నీళ్ల గ్రాఫైట్ మా డైలకి కొట్టొచ్చా? కోర్ పిన్నులు (పీసులో రంధ్రం వచ్చేలా పెట్టే కడ్డీలు) పట్టేస్తున్నాయి.

డైరూమ్
కోర్ పిన్నులకి కొట్టొచ్చు, పీసు తేలిగ్గా వదులుతుంది. డై అంతా మాత్రం కొట్టకండి. గ్రాఫైట్ వేడిని త్వరగా లాగేస్తుంది, లోహం పారుతూ పారుతూనే గడ్డకడుతుంది. రన్నర్ (లోహం పారే దారి), రైజర్ (గడ్డకట్టేటప్పుడు పీసుకి లోహం అందించే నిల్వ) దగ్గర వేడి ఆపే తెల్లటి పూత ఉండాలి. ప్రెషర్ డై కాస్టింగ్‌లో డైకి కొట్టేది ఎక్కువగా మైనం, సిలికోన్ రకం. గ్రాఫైట్ అక్కడ ప్లంజర్ టిప్పుకి (లోహాన్ని డైలోకి తోసే పిస్టన్ మొనకి) వాడతారు. ఇసుక అచ్చులకి పూసే గ్రాఫైట్ వాష్ కూడా పూర్తిగా వేరే సరుకు, డబ్బా మీద గ్రాఫైట్ అని చూసి కలిపేసుకోకండి.

హాగెన్ నుంచి
నేను జర్మనీలో హాగెన్ దగ్గర ఒక ఫోర్జింగ్ కంపెనీలో ప్రాసెస్ ఇంజనీర్‌ని, మాది కొత్తగూడెం. థ్రెడ్ చదువుతుంటే మా లైన్లో మొదటి ఏడాది పడ్డ కష్టమంతా గుర్తొచ్చింది.

చాలామంది స్ప్రేతో రెండు పనులు ఒకేసారి చేయించాలని చూస్తారు, చల్లార్చడం, జారేలా చేయడం. వేడి హబ్ కోసం ఎక్కువసేపు కొడితే పైముఖం మీద నీళ్లు ఎక్కువై పగుళ్లొస్తాయి. మీకు జరిగింది అదే. ఈ రెండింటినీ విడదీయండి. పీసు బయటికి రాగానే ముందు ఉత్త గాలి కొట్టి స్కేలు (కాలిన ఉక్కు మీద పట్టే పెచ్చు) ఊదేయండి. స్కేలు ఇసుక కాగితం లాంటిది, దాని మీద ఎంత గ్రాఫైట్ కొట్టినా లాభం లేదు. తర్వాత హబ్‌లోకి మాత్రమే సన్నని నాజిల్‌తో అర సెకను నీళ్లు. ఆ తర్వాత అంతటా గ్రాఫైట్ ఒక్క సెకను, పొగమంచులా సన్నగా. చివర్లో మళ్లీ గాలి. హబ్ అడుగున తడి మిగిలితే మూసుకున్న డైలో ఆవిరి చిక్కుకుని హబ్ నిండదు. మీ మొదటి 40 పీసుల్లో 6 పోవడానికి కారణం అదే.

ఎన్ని మార్పులు చేసినా కొలవకపోతే నమ్మకం కుదరదు. రింగు పరీక్ష చేయండి, ఖర్చు లేదు. బయటి వ్యాసం, లోపలి రంధ్రం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో, అంటే 60, 30, 20 మిల్లీమీటర్ల రింగులు కొన్ని లేత్ మీద చేయించండి. మీ బిల్లెట్ వేడికే కాల్చి, చదును డైల మధ్య ఎత్తు సగానికి నొక్కండి. జారుడు బాగుంటే లోహం బయటికి, లోపలికి స్వేచ్ఛగా కదులుతుంది, రంధ్రం దాదాపు అలాగే ఉంటుంది. డై పట్టేసుకుంటే లోహం లోపలికే వచ్చి రంధ్రం మూసుకుపోతుంది. 1964లో మేల్, కాక్‌క్రాఫ్ట్ అనే ఇద్దరు దీన్ని లెక్కలతో సహా రాశారు. వెర్నియర్ ఉంటే చాలు.

సేఫ్టీ మేడమ్
మెషీన్ సంగతులన్నీ వచ్చాయి, మనుషుల సంగతి కూడా రాయాలి. పొగ పోయిందని ఊపిరి సంగతి మర్చిపోకండి. ఆరిన గ్రాఫైట్ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. పీల్చగలిగే సన్నటి దుమ్ము ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు మించకూడదన్నది ఏసీజీఐహెచ్ అనే అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల సంస్థ పరిమితి. ప్రెస్సు వెనక ఎగ్జాస్ట్ పెట్టండి. చీపురుతో ఊడ్చడం ఆపి తడిగుడ్డతో తుడిపించండి. గాలి గొట్టంతో బట్టలు దులుపుకోవడం కూడా మాన్పించండి, కుర్రాళ్లు షిఫ్టు అయ్యాక అదే చేస్తారు.

గ్రాఫైట్ కరెంటుని మోస్తుంది. ప్యానెల్ బాక్సు తలుపు రబ్బరు చిరిగి ఉంటే లోపల టెర్మినల్స్ మీద పట్టి షార్ట్ అవుతుంది. నేల మీద పడితే జారుడు. ఎర్రగా కాలిన పీసు పటకారులో పట్టుకున్న మనిషి ఆ నేల మీద నడుస్తున్నాడని గుర్తుపెట్టుకోండి.

కింద పడ్డ నల్ల నీళ్లు డ్రైనేజీలోకి వదలకండి. తొట్టిలో పట్టి, పటిక వేసి తేర్చండి. పైనీళ్లు మీ శుద్ధి ప్లాంటుకి, అడుగు మడ్డి ఆరబెట్టి వ్యర్థాల కింద విడిగా పంపాలి. ఆ హెల్పర్ చెయ్యి ఎలా ఉంది?

జీడిమెట్ల ప్రెస్‌షాప్
చెయ్యి మానింది మేడమ్, పనిలోకి వస్తున్నాడు. అడిగినందుకు చాలా థ్యాంక్స్. ఇవన్నీ చేసి, కొలిచి, మళ్లీ వస్తాను.

జీడిమెట్ల ప్రెస్‌షాప్ (నాలుగు వారాల తర్వాత)
ఆలస్యమైంది, మన్నించండి. ఒక డై పూర్తిగా అయ్యేదాకా రాయకూడదని ఆగాను.

ముందు సీసాల సంగతి. బోరు నీళ్ల సీసాలో రెండు గంటలకే పైన మూడు వేళ్ల మందాన నీళ్లు తేరుకున్నాయి, అడుగున బురద. ఆర్‌ఓ సీసా సాయంత్రం దాకా సిరాలా నల్లగానే ఉంది. రెండింటినీ స్టోర్ రూమ్ కిటికీలో పక్కపక్కనే ఉంచాను, వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిస్తున్నాను.

డ్రమ్ము పైనుంచి తీసింది ఆరబెడితే 0.9 గ్రాములు. అడుగుది 6 గ్రాములకి కొంచెం పైన. గొట్టం డ్రమ్ము మధ్యలో ఉండేది, అంటే పొద్దున కర్రతో తిప్పిన గంట తర్వాత నుంచీ మేము డై మీద కొట్టింది దాదాపు ఉత్త బోరు నీళ్లే. కొత్త డ్రమ్ముకి నిదానంగా తిరిగే స్టిర్రర్ పెట్టాం, షిఫ్టు లేకపోయినా అది ఆగదు. గన్ దాకా వెళ్లి మళ్లీ డ్రమ్ములోకి వచ్చేలా గొట్టం చుట్టు తిప్పాం. ఇప్పుడు పైన 2.2, కింద 2.4.

బిల్లెట్లతో వేడి చేయడం మానేశాం. గ్యాస్ బర్నర్ రింగు చేయించి, అరగంటలో హబ్‌తో సహా 180 కి తెస్తున్నాం. హబ్‌కి వేరే నాజిల్, హాగెన్ అన్న చెప్పిన వరుసలోనే. హబ్ మూల ఇప్పుడు 230 నుంచి 270 మధ్య ఉంటోంది. నల్లగా ఉంది! మొదటిరోజు ఆ నలుపు చూసి మా ఆపరేటర్ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు.

రింగులు పాత డ్రమ్ము నీళ్లతో మూడు, కొత్తదాంతో మూడు నొక్కాం. 30 ఉన్న రంధ్రం పాతదాంతో సగటున 20 కి మూసుకుపోయింది. కొత్తదాంతో 26.5.

డై 5,800 పీసులు నడిచింది. ఆయిల్‌తో వచ్చినదానికంటే ఎక్కువ. మొదటి గంట రిజెక్షన్ రోజుకి ఒకటి, ఒక్కోరోజు అదీ లేదు. సప్లయర్ సరుకు మంచిదే, కానీ ఏ నీళ్లలో కలపాలో, ఎలా తిప్పాలో అతను ఒక్కసారి కూడా చెప్పలేదన్న బాధ మాత్రం ఉంది.

ఒకటి మిగిలింది. పై డైలో, పంచ్ (కిందికి పొడుచుకొచ్చి లోహాన్ని నొక్కే భాగం) మొన దగ్గర, 4,000 దాటాక సన్నటి గీతలు పడుతున్నాయి. అక్కడ వేడి 300 దాకా వెళ్తోంది, స్ప్రే కిందినుంచి పైకి కొట్టాలి కాబట్టి సరిగ్గా అందడం లేదు.

హాగెన్ నుంచి
చదివి చాలా సంతోషమేసింది. రంధ్రం 30 నుంచి 26.5 అంటే వేడి ఫోర్జింగ్‌కి మంచి జారుడే. పంచ్ మొనకి చేత్తో కొట్టే గన్ చాలదు. రెండు డైల మధ్యకి వెళ్లే చెయ్యి లాంటి స్ప్రే కడ్డీ చేయించండి, పైకి రెండు నాజిళ్లు, కిందికి రెండు. పై నాజిళ్లు నిట్టనిలువుగా కాకుండా పంచ్ పక్కల్ని తగిలేలా వాల్చండి, లేకపోతే చుక్కలు తిరిగి కిందికే పడతాయి.

డైరూమ్
ఆ గీతలు నిలువుగా ఉన్నాయా, అడ్డంగా ఉన్నాయా? నిలువుగా ఉంటే స్కేలు గీకుతోంది, బిల్లెట్ హీటర్ నుంచి రాగానే స్కేలు రాల్చే ఏర్పాటు చూడాలి. చుట్టూ అడ్డంగా ఉంటే వేడి పగుళ్లు. డై దించినప్పుడు ఫోటో పెట్టండి, పక్కన స్కేలుబద్ద ఉంచి తీయండి.

జీడిమెట్ల ప్రెస్‌షాప్
నిలువుగానే ఉన్నాయి సార్. శనివారం డై దించుతున్నాం, ఫోటో పెడతాను.